అటక మీది మిరప విత్తనాల మూట

గత వేసవిలో గృహ దర్శనానికి వెళ్ళినప్పుడు మా సంఘంలోని ఒక సహోదరి పాత గుడ్డమూట ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. "అయ్యగారూ, ఆయన పోకముందు తన చేత్తో తీసి ఆరబెట్టిన మిరప గింజలివి. నాలుగేళ్ళయింది. అబ్బాయి పారేయమంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు" అంది.

కొడుకు మాటలోనూ న్యాయముంది. మొలవని గింజను నమ్ముకుంటే అదను దాటిపోతుంది, అప్పు మిగులుతుంది.

ప్రియ పాఠకులారా, ఇంట్లో దాచిన మిరప గింజ రెండు మూడేళ్ళు బాగానే మొలుస్తుంది. ఆపైన ఏటేటా బలం తగ్గిపోతుంది. వేడి, తేమ దానికి శత్రువులు. యూదయ ఎడారిలోని మసాదా కోట త్రవ్వకాలలో దొరికిన సుమారు 2000 ఏళ్ళనాటి ఖర్జూరపు గింజను 2005లో నాటగా మొలిచింది! దానికి మెతూషెల అని పేరు పెట్టారు. ఆ ఎడారి పొడిగాలే దాన్ని కాపాడింది. మన అటకలు మసాదా కావు గనుక పరీక్షించి చూడవలసిందే.

అలాగే చేశాము. 50 గింజలు లెక్కపెట్టి, రాత్రంతా గోరువెచ్చని నీటిలో నానబెట్టాము. తడిపి పిండిన నూలుగుడ్డలో పరచి, మడిచి, పళ్ళెంలో పెట్టి మూతవేశాము. ఎండ తగలని వెచ్చని చోట ఉంచి, గుడ్డ ఆరిపోకుండా పూటపూటా నీళ్ళు చిలకరించింది ఆమె. నీరు నిలిస్తే గింజ కుళ్ళిపోతుంది. కొత్త గింజ వారం పది రోజుల్లో మొలకెత్తుతుంది. పాతదానికి మూడు వారాలైనా ఓపిక పట్టాలి.

పదో రోజుకు ఒక్కటీ రాలేదు. పన్నెండో రోజున ఒక తెల్లని మొలక కనిపించింది. మూడు వారాలకు మొత్తం 11 వచ్చాయి. అంటే నూటికి 22. ధ్రువీకరించిన మిరప విత్తనం నూటికి 60 అయినా మొలవాలి. కనుక చేనుకు కొన్న విత్తనమే వేయమని చెప్పాను. ఆ పదకొండు మొలకలను మాత్రం వేరు విరగకుండా, ఇసుక, పశువుల ఎరువు కలిపిన మట్టిలో పైపైన నాటి, పలుచని నీడలో పెంచి, తర్వాత పెరట్లో నాటింది. తొమ్మిది బ్రతికాయి.

సంక్రాంతికి పండు మిరపకాయలు కోసింది. ఆరోగ్యమైన మొక్కల కాయలు ఏరి, గింజలు నీడలో బాగా ఆరబెట్టి, గట్టి మూతగల గాజుసీసాలో పోశారు. సీసా తెచ్చి, దానిమీద సంవత్సరం వ్రాసినది ఆ కొడుకే! (హైబ్రిడ్ కాయల గింజలు ఇలా దాచితే మరుసటి ఏడు అదే కాపు రాదు. మందు పట్టించిన రంగు గింజలను పిల్లలకు అందనివ్వకండి.)

లూకా 13వ అధ్యాయంలో, కాపులేని అంజూరపు చెట్టును నరకవద్దని తోటమాలి ఒక్క సంవత్సరం గడువు అడిగాడు. ఊరికే అడగలేదు, తానే కష్టపడతానన్నాడు. మన సంఘపు పుస్తకంలోనూ ఏళ్ళ తరబడి ఆరాధనకు రాని పేర్లున్నాయి. వారిని కొట్టివేయడం సులభం; పేరుంది చాలులే అనుకోవడం ఇంకా సులభం. ఈ నెలలో అలాంటి ఒక్క ఇంటికి వెళ్ళండి. పది రోజులకే విసిగిపోకండి. తడి, వెచ్చదనం మన వంతు. మొలిపించడం ప్రభువు వంతు.