క్లిక్కు నుంచి కొనుగోలు దాకా

మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉందనుకుందాం. గూగుల్‌లో ప్రకటన ఇచ్చారు. ప్రకటన కనబడినంత మాత్రాన డబ్బు కట్టక్కర్లేదు, ఎవరైనా దాన్ని నొక్కితేనే కట్టాలి. క్లిక్కుకు 10 రూపాయల చొప్పున 1,000 క్లిక్కులకు 10,000 రూపాయలు ఖర్చయింది. 10 చీరలు అమ్ముడుపోయాయి. అంటే చీరకు 1,000 రూపాయలు ప్రకటనకే పోయింది. చీర మీద మిగులు 700 రూపాయలే అయితే అమ్మిన ప్రతి చీరకూ 300 నష్టం. అవే 1,000 క్లిక్కులకు 20 చీరలు అమ్ముడై ఉంటే? చీరకు ఖర్చు 500కు దిగి, 200 చేతికి వచ్చేది. క్లిక్కు ధర మారలేదు, చీరా మారలేదు. వచ్చినవారిలో కొన్నవారి శాతం మాత్రం మారింది. దాన్నే కన్వర్షన్ రేటు అంటారు. దాన్ని పెంచడం అదృష్టం మీద ఆధారపడిన పని కాదు. దాని వెనక చక్కటి గణితం ఉంది.

క్లిక్కుకు ఇంత అని వేలంపాట పెట్టే పద్ధతిని 1998లో అమెరికాలో బిల్ గ్రాస్ నెలకొల్పిన గోటూ డాట్ కామ్ వ్యాప్తిలోకి తెచ్చింది. అక్కడ ఎక్కువ పాడినవారిదే పై స్థానం. 2002లో గూగుల్ ఈ పద్ధతిని చేపడుతూ కీలకమైన మార్పు చేసింది. పాట మొత్తాన్ని, ఆ ప్రకటనను జనం నొక్కే శాతంతో హెచ్చవేసింది. ఒకరు 20 రూపాయలు పాడినా నూటికి ఒక్కరే నొక్కితే, వంద మందికి చూపినందుకు గూగుల్‌కు దక్కేది 20 రూపాయలు. ఇంకొకరు 10 రూపాయలే పాడినా నూటికి ముగ్గురు నొక్కితే 30 రూపాయలు. కాబట్టి రెండోవారే పైన నిలుస్తారు. ఆ తర్వాత ప్రకటన నాణ్యతను కొలవడంలో, నొక్కినవారు చేరే పేజీ బాగోగులు కూడా లెక్కలోకి వచ్చాయి. వెతికేవారికి పనికొచ్చే ప్రకటన తక్కువ ధరకే మంచి చోటు సంపాదించుకుంటుందన్నమాట.

అందుకే మొదట చూడాల్సింది, వచ్చినవారు ఏం వెతుక్కుంటూ వచ్చారన్నది. ‘మంగళగిరి’ అని వెతికేవారిలో పానకాల స్వామి దర్శన వేళలు కావలసినవారుంటారు, ఎయిమ్స్‌కు దారి అడిగేవారుంటారు. వాళ్లు పొరపాటున నొక్కినా 10 రూపాయలు పోయినట్టే. ‘గుడి’, ‘ఆసుపత్రి’, ‘రైలు’ వంటి మాటలున్న వెతుకులాటలకు ప్రకటన చూపవద్దని ముందే చెప్పుకోవచ్చు. వీటిని నెగెటివ్ కీవర్డులంటారు. ఇక ‘నిజాం అంచు మంగళగిరి చీర’ అని వెతికినవారిని దుకాణం ముఖద్వారం దగ్గర వదిలేయకూడదు. నేరుగా ఆ చీర ఉన్న పేజీకే తీసుకెళ్లాలి. ధర, చేరే రోజు, నచ్చకపోతే వెనక్కి ఇచ్చే పద్ధతి అక్కడే, ఫోన్ తెర మీదే కనబడాలి.

ఇంతవరకూ ఇంగితజ్ఞానం చాలు. ఏ ఫొటో పెట్టాలి, బటన్ మీద ఏం రాయాలి అన్న దగ్గర మాత్రం అది తరచూ తప్పుతుంది. 2008 అమెరికా అధ్యక్ష ఎన్నికల కోసం ఒబామా బృందం తమ వెబ్‌సైటులో 4 రకాల బటన్లు, ఫొటోలూ వీడియోలూ కలిపి 6 రకాలు, మొత్తం 24 జోడింపులను పరీక్షించింది. వీడియోనే గెలుస్తుందని బృందం నమ్మింది. గెలిచింది ఒబామా కుటుంబం ఫొటో, ‘మరింత తెలుసుకోండి’ అనే బటన్. సైటులో నమోదు చేసుకునేవారి శాతం 8.26 నుంచి 11.6కు పెరిగింది.

ఈ పరీక్ష పద్ధతి పొలంలో పుట్టింది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ ఏ మడికి ఏ ఎరువు వేయాలో చీటీలు తీసినట్టు నిర్ణయించమన్నారు. అప్పుడే దిగుబడిలో తేడా నేల వల్లనా, ఎరువు వల్లనా అన్నది తేలుతుంది. అలాగే వచ్చేవారిని యాదృచ్ఛికంగా రెండుగా విడదీసి, చెరో పేజీ చూపించడమే ఏ/బీ టెస్ట్. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గరే పరిశోధన చేసిన సి.ఆర్. రావు 1940లలో ‘ఆర్థోగొనల్ అరే’లను రూపొందించారు. ఫొటో, శీర్షిక, బటన్ మూడింటికీ రెండేసి రకాలుంటే మొత్తం 8 పేజీలు అవుతాయి. ఒకదాని ప్రభావం మరొకదానితో పెద్దగా ముడిపడనప్పుడు, రావు పట్టిక ప్రకారం ఎంచిన 4 పేజీలతోనే మూడింటి ప్రభావమూ తెలుస్తుంది.

ఫలితం చూసి తొందరపడకూడదు. రెండు పేజీలకూ 1,000 మంది చొప్పున వచ్చి, ఒకదానిలో 20, మరొకదానిలో 30 అమ్మకాలు జరిగాయనుకోండి. రెండోది గెలిచినట్టేనా? ఒక స్థూల లెక్క ఉంది: మొత్తం అమ్మకాలు 50కి వర్గమూలం సుమారు 7. తేడా దానికి రెట్టింపైనా, అంటే 14 అయినా ఉండాలి. ఇక్కడ 10 మాత్రమే. అది కాకతాళీయమూ కావచ్చు. అదే 5,000 మంది చొప్పున వచ్చి 100, 150 అమ్మకాలైతే, 250కి వర్గమూలం సుమారు 16, రెట్టింపు 32. తేడా 50. ఇప్పుడు నమ్మవచ్చు. ఎంతమంది వచ్చాక లెక్క చూడాలో ముందే నిర్ణయించుకోవాలి. నచ్చిన అంకె కనబడగానే ఆపేస్తే పరీక్షకు విలువ ఉండదు.

ఆఖరి ప్రశ్న అన్నిటికన్నా పెద్దది. ప్రకటన లేకున్నా ఆ అమ్మకం జరిగేదేనా? 2012లో ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ ఈబే, తన పేరుతో వెతికేవారికి చూపే ప్రకటనలను కొన్ని సెర్చ్ ఇంజన్లలో ఆపి చూసింది. పోయిన క్లిక్కుల్లో 99.5 శాతం మామూలు ఫలితాల ద్వారా ఉచితంగానే తిరిగొచ్చాయి. అన్నాళ్లూ ఎలాగూ తన తలుపు తట్టబోయేవారి కోసమే ఆ సంస్థ డబ్బు కట్టింది.

చిన్న వ్యాపారులకు నా మనవి ఇదే. ప్రకటన బడ్జెట్ పెంచే ముందు ఒక్క నెల ఈ లెక్కలు రాసిపెట్టుకోండి: ఏ మాటకు ఎన్ని క్లిక్కులు, ఎన్ని కొనుగోళ్లు, చీరకు ఎంత ఖర్చు. ఆ కాగితం చెప్పాకే తర్వాతి రూపాయి ఖర్చు పెట్టండి.