పసుపు పుస్తకంలో గ్రీకు పేర్ల వరుస

దుంపకుళ్ళు అంటే ఆర్మూరు పసుపు రైతులకు వివరించనక్కర్లేదు. మొక్క వాడిపోతుంది, తవ్వి చూస్తే దుంప మెత్తబడి ఉంటుంది. కానీ సాగు పుస్తకంలో ఈ తెగులు 'పిథియం' పేరుతో ఉండవచ్చు. పిథియం ఈ తెగులును తెచ్చే, శిలీంధ్రాన్ని పోలిన సూక్ష్మజీవి. పేరుకు మూలం గ్రీకు. అప్పుడు రైతు పదసూచిలో, అంటే పుస్తకం చివర పేజీ సంఖ్యలతో ఉండే పదాల పట్టికలో, ఎక్కడ వెతకాలి?

మొదటి చిక్కు వర్ణక్రమం. ఈ పేరును కొందరు 'పిథియం' అని, కొందరు 'పైథియం' అని రాస్తారు. తేడా ఒక్క గుణింతమే. అయినా అకారాది క్రమంలో ఆ రెండింటి మధ్య పురుగులు, పూత, పెసర, పేడ అన్నీ వచ్చేస్తాయి.

ఇలాంటి మరో అయోమయానికి కారణం రోమన్ లిపి. గ్రీకులో ఎ, ఏలకు, ఒ, ఓలకు తెలుగులోలాగే వేర్వేరు అక్షరాలున్నాయి. రోమన్‌లో లేవు. గ్రీకు పేర్లు మనకు ఆ దారినే రావడంతో హ్రస్వమో దీర్ఘమో ఊహించాల్సి వస్తుంది. ఆకుమచ్చలు తెచ్చే శిలీంధ్రం 'కొల్లెటోట్రైకమ్' మొదటి అక్షరం గ్రీకులో హ్రస్వమే. 'కో' అని రాస్తే పదసూచిలో దాని చోటు మారుతుంది.

రెండో చిక్కు కంప్యూటర్. అది సాధారణంగా అక్షరాలను యూనికోడ్ సంఖ్యల ప్రకారం పేరుస్తుంది. అందులో 'ళ' స్థానం 'ల' పక్కనే. బడిలో నేర్చిన వర్ణమాలలోనేమో 'హ' తర్వాత. కాబట్టి కంప్యూటర్ వరుస కలుపు, కళ్లం, కషాయం; వర్ణమాల వరుస కలుపు, కషాయం, కళ్లం. సంపాదకుడు ఏదో ఒక వరుసను ఎంచుకుని, పదసూచి మొదట్లోనే చెప్పాలి.

పరిష్కారం కష్టమేమీ కాదు. ప్రతి గ్రీకు పేరుకూ ఒకే రూపం ఖాయం చేసి, తెలుగు అక్షర క్రమంలోనే పెట్టాలి. రెండో రూపం దగ్గర 'పైథియం: పిథియం చూడండి' అనాలి. అన్నిటికన్నా ముఖ్యం, 'దుంపకుళ్ళు' దగ్గర నేరుగా పేజీ సంఖ్య ఇవ్వాలి. కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రంలోని శాస్త్రవేత్త 'పి' దగ్గర వెతుకుతారు, రైతు 'దు' దగ్గర వెతుకుతాడు. ఇద్దరూ ఒకే పేజీకి చేరాలి.

ఈ పని అచ్చుకు ముందురోజు హడావుడిగా తేల్చేది కాదు. తెగులు సోకిన చేనుకు ఆలస్యం నష్టం. అవసరమైన పేజీ సమయానికి దొరక్కపోతే, అందులో ఎంత మంచి సలహా ఉన్నా ఆ రైతుకు లేనట్టే.