ఢిల్లీలో నిర్ణయం.. ప్రొద్దుటూరులో రాత్రి పని

ప్రొద్దుటూరు: జీఎస్టీ మండలి 2025 సెప్టెంబరు 3న ఢిల్లీలో సమావేశమై పన్ను శ్లాబులను కుదించింది. 12, 28 శాతం శ్లాబుల్లోని అత్యధిక వస్తువులు 5, 18 శాతం పరిధిలోకి వచ్చాయి. కొత్త రేట్లు అదే నెల 22 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ రోజు సోమవారం, శరన్నవరాత్రులకు తొలిరోజు. దసరా వేడుకలకు పేరుగాంచిన ప్రొద్దుటూరులో దుకాణాలు కిటకిటలాడే వేళ అది. ఆదివారం రాత్రి కొట్టు కట్టేసే వరకు పాత రేటు, సోమవారం ఉదయం తలుపు తీసేసరికి కొత్త రేటు ఉండాలి. ఈ మార్పు చేయాల్సింది పన్నుల శాఖ కాదు. వ్యాపారికి అది చేతకాదు. ఆ భారం ఊళ్లోని చిన్న కంప్యూటర్ సేవల సంస్థపైనే పడింది.

ఐటీ అనగానే హైదరాబాద్ అద్దాల మేడలు, బెంగళూరు బస్సులు గుర్తుకు రావడం సహజం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పట్టణాల్లో ఐటీ అంటే చాలావరకు ఒక గది, నలుగురైదుగురు యువకులు, ఒక ద్విచక్ర వాహనం. బంగారు దుకాణాలకు, మందుల షాపులకు, నాపరాళ్ల పాలిష్ యూనిట్లకు, ఎరువుల డీలర్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమర్చడం, ట్యాలీ నేర్పడం, ప్రింటర్లు, సీసీ కెమెరాలు, నెట్‌వర్క్ తీగలు సరిచూడటం వీరి దినచర్య. ఏడాదికోసారి కుదుర్చుకునే ఏఎంసీ సొమ్మే ప్రధాన ఆదాయం. పని అత్యవసరం, చెల్లింపు మాత్రం నిదానం అన్నది ఈ వృత్తిలో అందరికీ తెలిసిన సంగతే.

అంకె మారిస్తే చాలదు

పన్ను రేటు మార్చడమంటే ఒక అంకె చెరిపి మరో అంకె రాయడమని పలువురు భావిస్తారు. చిక్కంతా అక్కడే ఉంది. సిమెంటుపై పన్ను 28 నుంచి 18 శాతానికి, ట్రాక్టర్లు, బిందుసేద్య పరికరాలపై 12 నుంచి 5 శాతానికి, సబ్బులు, తలనూనెపై 18 నుంచి 5 శాతానికి తగ్గింది. బంగారంపై మాత్రం 2017 నుంచి ఉన్న 3 శాతమే కొనసాగింది. అంటే బంగారు అంగళ్ల వీధిలో పని స్వల్పం, పక్కనున్న కిరాణా వీధిలో వందలాది సరుకులను ఒక్కొక్కటిగా సరిచూడాలి.

సెప్టెంబరు 15న అమ్మిన సరుకును కొనుగోలుదారు అక్టోబరులో వాపసు చేస్తే, దానికిచ్చే క్రెడిట్ నోటులో పాత రేటే ఉండాలి. రేటును తేదీతో కలిపి భద్రపరిచే సాఫ్ట్‌వేర్‌కు ఇది ఇబ్బంది కాదు. ఒకే అంకెను దాచుకునే నాసిరకం సాఫ్ట్‌వేర్‌లో రేటు మార్చగానే పాత బిల్లులు సైతం కొత్త పన్నుతో ముద్రితమవుతాయి. అప్పటికే దాఖలు చేసిన రిటర్నులకు, దుకాణం లెక్కలకు పొంతన కుదరదు. చౌకగా దొరికిందని కొన్న సాఫ్ట్‌వేర్ అసలు ఖరీదు ఇలాంటి రోజునే బయటపడుతుంది.

ఓటీపీ యజమాని జేబులో..

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల నుంచి నాపరాళ్లు, సిమెంటు లారీల్లో ఇతర ప్రాంతాలకు తరలుతాయి. రూ.50 వేలకు మించిన సరుకు కదలాలంటే సాధారణంగా ఈ-వే బిల్లు తప్పనిసరి. సాధారణ సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున దాని గడువు లెక్కిస్తారు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ పోర్టల్‌లో ప్రవేశించేందుకు పాస్‌వర్డ్‌తోపాటు ఓటీపీ వంటి రెండో ధ్రువీకరణ అందరికీ తప్పనిసరైంది. గుమాస్తా కంప్యూటర్ ముందు, లారీ గేటు వద్ద, ఓటీపీ వచ్చే ఫోను పెళ్లికి వెళ్లిన యజమాని జేబులో ఉంటే సరుకు కదలదు. గుమాస్తా పేరిట అతని సొంత ఫోను నంబరుతో ఉప లాగిన్ ఇచ్చే వీలు పోర్టల్‌లోనే ఉంది. పది నిమిషాల పని ఇది. అయినా యజమాని పాస్‌వర్డ్‌నే కాగితంపై రాసి గోడకు అంటించే అలవాటు పోవడం లేదు.

పులివెందుల ప్రాంతం నుంచి వెళ్లే అరటి, చీనీ కాయలకు ఈ బెడద లేదు. తాజా పండ్లకు పన్ను లేదు, ఈ-వే బిల్లూ అక్కర్లేదు. ఆ తోటలకు అవసరమైన డ్రిప్ పైపులు అమ్మే వ్యాపారికి మాత్రం రెండూ తప్పవు.

పాత యంత్రాల గండం

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. కంప్యూటర్లు ఆ రోజు ఆగిపోలేదు, ఇకపైనా ఆగవు. అందుకే ప్రమాదం కనిపించదు. కొత్తగా వెలుగుచూసే లోపాలకు మరమ్మతులు మాత్రం రావు. వ్యక్తిగత వినియోగదారులు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు పొడిగించిన భద్రతా నవీకరణలు అందుతాయని సంస్థ ప్రకటించింది. విండోస్ 11కు మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా విభాగం, కాస్త ఇటీవలి ప్రాసెసర్ ఉండాలి. 2018కి ముందు కొన్న యంత్రాల్లో అత్యధికం ఆ పరీక్షలో నెగ్గవు. 'నడుస్తోంది కదా, ఎందుకు మార్చాలి?' అనే వ్యాపారికి నచ్చజెప్పడం సాంకేతిక పని కన్నా కష్టం.

మరమ్మతు అందుబాటులో ఉన్నా వేసుకోకపోతే ఏమవుతుందో 2017 మేలో తెలిసింది. వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచవ్యాప్తంగా కంప్యూటర్లలోని దస్త్రాలకు తాళం వేసి సొమ్ము అడిగింది. చిత్తూరు సహా మన రాష్ట్రంలోని కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. దాన్ని అడ్డుకునే నవీకరణను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది.

ఇలాంటి దాడి ఒక బంగారు దుకాణంపై జరిగిందనుకుందాం. పోయేది యంత్రం కాదు. నెలనెలా కొంత సొమ్ము కట్టి ఏడాది చివర నగ కొనుక్కునే పథకాల్లో చేరిన మహిళల వాయిదాల పద్దు పోతుంది. వారి చేతిలో చిన్న కార్డు ఉండవచ్చు, లేకపోవచ్చు. పైగా జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలపాటు భద్రపరచాలి. అందుకే అనుభవమున్న సంస్థలు రోజూ సాయంత్రం లెక్కల నకలు తీయాలని, ఒక నకలును కంప్యూటర్ నుంచి విడదీసి వేరేచోట ఉంచాలని పట్టుబడతాయి. ఎప్పుడూ తగిలించి ఉండే హార్డ్ డిస్క్‌లోని నకలుకు కూడా వైరస్ తాళం వేయగలదు. మూడు నెలలకోసారి ఆ నకలును మరో యంత్రంలో తెరిచి చూడాలి. తెరిచి చూడని నకలు ఉన్నా లేనట్టే.

ఎవరు మిగులుతారు?

పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల 2006లో, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ 2008లో మొదలయ్యాయి. ప్రొద్దుటూరులోనూ ఇంజినీరింగ్ కళాశాలలున్నాయి. చదివినవారిలో అనేకులు బెంగళూరు, హైదరాబాద్ దారి పడతారు. చిన్న సంస్థలో చేరినవారు పని నేర్చుకున్న ఏడాది రెండేళ్లకే వెళ్లిపోవడం సాధారణం. వారితోపాటు ఏ దుకాణంలో ఏ తీగ ఎటు పోయిందన్న జ్ఞానమూ వెళ్లిపోతుంది. ప్రతి ఖాతాదారు వివరాలను పుస్తకంలో రాసిపెట్టే సంస్థలే ఈ దెబ్బను తట్టుకుంటాయి.

ఈ సంస్థలకు దుకాణంలోని సమస్త సమాచారం అందుబాటులో ఉంటుంది. ఎనీడెస్క్ వంటి సాధనంతో ప్రొద్దుటూరులో కూర్చుని పులివెందుల కంప్యూటర్‌ను సరిచేయవచ్చు. అదే సాధనాన్ని మోసగాళ్లూ వాడుతున్నారు. కాబట్టి తెలిసిన నంబరు నుంచి పిలుపు వచ్చినప్పుడే అనుమతించి, పని ముగియగానే మూసివేయాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి కేంద్రం 2025 నవంబరులో నిబంధనలు ప్రకటించింది. వాటిలోని ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చింది. కొనుగోలుదారుల ఫోను నంబర్లు, ఆధార్ నకళ్లు ఎవరి కంప్యూటర్‌లో ఉన్నాయి, ఎవరు చూడగలరు అన్నది ఆలోగా దుకాణ యజమాని, కంప్యూటర్ సంస్థ కలిసి ఏఎంసీ పత్రంలోనే రాసుకోవాల్సి ఉంటుంది.