కామాఠిపురా తెలుగువారి అంత్యసంస్కారములు

జనన వివాహములు కుటుంబాభివృద్ధిని సూచించు శుభకార్యములు. వానిని కాలానుగుణముగ మార్చుకొనుటకు జనులు అంతగా వెనుదీయరు. మరణము అట్టిది కాదు. ఇంట శవమున్న వేళ పెద్దలు ఎట్లు చేసిరో అట్లే చేయవలెనని అందరును కోరుదురు. కావున ఒక జాతి స్వస్థలము విడిచి పరప్రాంతమున స్థిరపడినపుడు దాని వేషము, ఆహారము, తుదకు భాషయు మారినను, చావుకర్మలు చాలకాలము నిలిచియుండును. అవియు మారినచో ఆ మార్పునకు బలమైన కారణము ఉండి తీరవలెను. ముంబయి కామాఠిపురాలోని తెలుగువారి ఆచారములు ఈ విషయమును పరిశీలించుటకు మంచి ఉదాహరణములు.

18వ శతాబ్ది చివర హార్న్‌బీ కట్ట నిర్మాణముచే సముద్రజలము ఆగిపోగా, బొంబాయి ద్వీపముల నడుమనున్న పల్లపు నేలలు క్రమముగ నివాసయోగ్యములైనవి. నిజాం రాజ్యమునుండి వచ్చిన తెలుగు కూలీలు, తాపీపనివారు అట్టి నేలలో గుడిసెలు వేసికొనిరి. వారిని ఇతరులు కామాఠీలనిరి. వారుండు పేట కామాఠిపురా అయినది. దాని అంచున సాగు ఫాక్‌లాండ్ రోడ్డునకు 1848 నుండి 1853 వరకు బొంబాయి గవర్నరుగా ఉండిన ఫాక్‌లాండ్ ప్రభువు పేరు పెట్టిరి. నేడది పఠ్ఠే బాపూరావ్ మార్గము. తరువాత నూలు మిల్లులు వెలసినపుడు పద్మశాలీలు మొదలగువారును తెలంగాణమునుండి పెద్దసంఖ్యలో ఈ నగరమునకు వచ్చిరి. వీరందరు తమతోకూడ తమ ఊరి చావుకర్మలను తెచ్చుకొనిరి.

ఆ కర్మలు ఏకరూపములు కావు. హిందువులందరు శవమును దహింతురనుట పొరపాటు. తెలంగాణమున పల్లెజనులు రాకాసిగుళ్ళని పిలుచు బృహచ్ఛిలా సమాధులలో ఎముకలతోపాటు కుండలు, ఇనుప పనిముట్లు దొరకినవి. ఖననము ఈ నేలపై మిక్కిలి ప్రాచీనమనుటకు అవి సాక్ష్యము. 1920లో ప్రకటితమైన సయ్యద్ సిరాజుల్ హసన్ గ్రంథము నిజాం రాజ్యపు కులముల ఆచారములను వర్ణించుచు, ఒకే కులమున నామధారులు, విభూతిధారులు అను రెండు శాఖలుండుటను పలుచోట్ల పేర్కొన్నది. వైష్ణవ సంప్రదాయమువారిలో దహనము, శైవ సంప్రదాయమువారిలో ఖననము ప్రబలము. వీరశైవులు శవమును కూర్చుండబెట్టి పూడ్తురు. పసిపిల్లలను, సన్యాసులను దహింపక భూస్థాపనము చేయుట దహనాచారులలోను కలదు. క్రియ నడుపువారును భిన్నులే. నామధారులకు సాతాని అయ్యవారు, విభూతిధారులకు జంగమయ్య వచ్చుట పలుకులములలో పరిపాటి. బ్రాహ్మణ పురోహితుడు లేకుండ మృతునికి గతి కలుగదను భావము తెలుగు శ్రామికులలో సర్వసామాన్యము కాదు. ఈ సంగతి తరువాతి చరిత్రకు ముఖ్యమైనది.

పల్లెలో చావు జరిగినచో పని ఊరంతయు పంచుకొనును. ఒకరు వెదురు కొట్టి పాడె కట్టుదురు, మరొకరు డప్పు వాయింతురు, చాకలి, మంగలి తమ వంతు నెరవేర్తురు. పెద్దకుమారుడు నిప్పుకుండ పట్టి ముందు నడచును. శ్మశానమునకు చేరకముందే పాడెను ఒకచోట దింపి, మృతుని చెవిలో పేరుపెట్టి ముమ్మారు పిలుతురు. ఆ స్థలమే దింపుడు కళ్ళము. ప్రాణము పోయెనో లేదో తెలిసికొను వైద్యసాధనములు లేని కాలమున ఇది కడపటి పరీక్షగా ఉపయోగపడియుండును. పోవుచున్నవానిని ఇంకొకమారు పిలువవలెనను ఆత్మీయుల తపనయు ఇందున్నది. పిమ్మట నీటికుండకు చిల్లులు పెట్టి చుట్టు తిరిగి దానిని పగులగొట్టి, తలకొరివి పెట్టుదురు. మూడవనాడు చిన్నదినము, పదునొకండవనాడో ఆ దరిదాపులనో పెద్దకర్మ జరుగును.

ఈ క్రమము చాళ్ళకు చేరగానే పెక్కు చిక్కులు ఎదురైనవి. చాలులో ఒక కుటుంబమునకు ఒకటే గది; వంట, నిద్ర, పూజ అన్నియు అందులోనే. శవమును కొంతసేపు ఉంచవలెనన్నను పొరుగువారు తమ వాకిలి విడువవలెను. మెట్లు ఇరుకగుటచే పాడెను క్రిందనే కట్టి, శవమును చేతులమీద దింపవలెను. మైలయు ఒక ఇంటితో ఆగదు; వసారా ఒకటే, కుళాయి ఒకటే. పల్లెలో వృత్తికులములవారు చేయు పనులను ఇచట ఇరుగుపొరుగువారే చేయవలసివచ్చెను. కులసంఘములు, చాలు మండలులు చందాలు పోగుచేసి కట్టెలకును కర్మకును సాయపడుట ఇందుండియే పుట్టినది. ఊరిలో పుట్టుకచే సంక్రమించిన బాధ్యత నగరమున పొరుగుతనముచే సంక్రమించినది.

స్థలవిషయమున నగరశాసనము ప్రవేశించినది. 1888 నాటి మునిసిపల్ చట్టము ప్రకారము నియతస్థలములలో తప్ప శవమును దహింపను, పూడ్వను వీలులేదు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము దేశమంతట మరణమును నమోదు చేయించుట విధిగావించినది. మెరైన్ లైన్స్ వద్ద చందన్‌వాడి శ్మశానము, దాని ప్రక్కనే ముసల్మానుల బడా కబరస్తాను ఉన్నవి. మలబారు కొండపై పార్సీల దఖ్మాలు కలవు. అగ్నిని, భూమిని, జలమును శవముచే మలినపరుపరాదను నియమముచే పార్సీలు దేహమును పక్షులకు అర్పింతురు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అను మందువలన రాబందులు నశించినవి. 2006లో భారత ప్రభుత్వము పశువైద్యమున దానిని నిషేధించినను పక్షులు తిరిగి రాలేదు. అందుచే పార్సీలు సూర్యకిరణములను కేంద్రీకరించు సాధనములను అమర్చుకొనిరి; కొందరు దహనమును స్వీకరించిరి. తెలుగువారు కట్టెల చితినుండి విద్యుత్ దహనమునకు మారుటయు ఇట్టిదే. ఒక చితికి సుమారు 300 కిలోల కట్టెలు కావలెను. విద్యుత్ కొలిమిలో తలకొరివికి తావు లేదు గనుక, దేహమును లోనికి పంపకముందు కర్పూరముతోనో చిన్న కొరివితోనో తాకించి తృప్తిపడుదురు. క్రియ సంక్షిప్తమైనది గాని దాని అర్థము పోలేదు.

ఇచట ఒక విశేషము గమనింపదగినది. తెలంగాణమున పిండము పెట్టి పక్షి ముట్టుటకై ఎదురుచూతురు. కాకి ముట్టనిచో మృతునికి తీరని కోరిక ఏదో ఉన్నదని తలచి, దానిని నెరవేర్తుమని మాట ఇత్తురు. మహారాష్ట్రులలోను అచ్చముగ ఇదే నమ్మకము కలదు. తెలుగువారు, మరాఠీవారు ఇరువురును అమాంత పంచాంగమునే అనుసరింతురు. భాద్రపద బహుళ అమావాస్య వీరికి పెత్రమాస, వారికి సర్వపిత్రీ అమావాస్య. ఆ దినముననే తెలంగాణమున ఎంగిలిపూల బతుకమ్మయు మొదలగును. పితరులకు బియ్యమిచ్చిన యింటనే సాయంకాలము పూలు పేర్చుదురు. కావున చావుకర్మల విషయమున కామాఠిపురా తెలుగువారు మరాఠీ పొరుగువారికి పూర్తిగ పరాయివారు కారు.

అస్థినిమజ్జనమున ఈ సంబంధము మరింత స్పష్టపడును. ముంబయివారు చాలమంది అస్థికలను నాసిక్ రామకుండమునకు తీసికొనిపోవుదురు. త్ర్యంబకమున పుట్టి నాసిక్ మీదుగ పారు గోదావరియే కందకుర్తి వద్ద తెలంగాణమున ప్రవేశించి, బాసర, ధర్మపురి, కాళేశ్వరము, భద్రాచలములను తాకి, రాజమహేంద్రవరము దాటి, 1,465 కిలోమీటర్ల ప్రయాణానంతరము సముద్రమును చేరును. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములనుండి వచ్చి ముంబయిలో కన్నుమూసినవారి అస్థికలు నాసిక్‌లో నీట కలిసినచో, అవి స్వదేశపు త్రోవ పట్టినట్లే. బ్రతికియుండగా తిరిగి పోలేనివానికి ఇంతకుమించిన ఓదార్పు వేరొకటి లేదు.

ఇక క్రియ నడుపు అధికారము ఎవరిది అను ప్రశ్న. 1873 సెప్టెంబరు 24న పూనాలో జ్యోతిరావు ఫులే సత్యశోధక సమాజమును స్థాపించెను. బొంబాయిలో దానికి అండగా నిలిచినవారిలో వెంకూ బాలాజీ కాలేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు మున్నగు తెలుగువారు ప్రముఖులు. మధ్యవర్తి పురోహితుడు లేకుండ వివాహమును, ఉత్తరక్రియలను జరుపుకొనవచ్చునని ఆ సమాజము బోధించెను. 1887లో ఇందులకై పూజావిధి పుస్తకమును ప్రకటించెను. సాతాని, జంగముల చేత క్రియలు జరిపించుకొనుచుండిన తెలుగు శ్రామికులకు ఈ బోధ వింతగ తోచియుండదు. ఫులే తన దేహమును ఉప్పులో పూడ్చవలెనని మరణశాసనమున కోరెను. 1890 నవంబరు 28న ఆయన మరణించగా, మునిసిపాలిటీ అనుమతి లేకపోవుటచే దహనమే జరిగెను. దత్తపుత్రుని అధికారమునకు దాయాదులు అడ్డుచెప్పగా, భార్య సావిత్రీబాయి తానే మట్టికుండ పట్టి ముందు నడచెను. కుమారులు లేని యిండ్లలో కుమార్తెలు తలకొరివి పెట్టుట నేడు తెలుగుదేశమున వినవచ్చుచున్నది. అది నిన్న మొన్నటి వింత కాదని ఈ వృత్తాంతము చెప్పుచున్నది.

ఇతర దేశములలోను ఆచారము ఇట్లే మారినది. ఇంగ్లండులో 1884 నాటి ఒక న్యాయస్థాన నిర్ణయముచే దహనము నేరము కాదని తేలి, 1885లో వోకింగ్‌లో మొదటి దహనము జరిగెను. నేడు ఆ దేశమున అధికసంఖ్యాకులు దహనమునే కోరుచున్నారు. కాథలిక్ మతపీఠము 1963లో దహనమునకు అనుమతి ఇచ్చెను. ఖననము తప్ప వేరెరుగని జనులు దహనమును చేపట్టుట, దహనాచారులు చితిని విడిచి కొలిమిని చేపట్టుట ఒకే శతాబ్దమున జరిగిన మార్పులు.

అన్ని ఆచారములలోను మారక నిలిచినది ఒక్కటే: మృతుని ఒంటరిగ పంపరాదనునది. ఈ దృష్టితో చూచినపుడు కామాఠిపురా మనకొక కర్తవ్యమును గుర్తుచేయును. ఈ పేట పేరు లోకమునకు ఎక్కువగ తెలిసినది వేశ్యావాటికగనే. అచటికి తేబడి అచటనే కన్నుమూసిన స్త్రీలలో తెలుగుతల్లి బిడ్డలును కలరు. పుట్టింటివారు రారు, అత్తింటివారు లేరు. బంధువు ముందుకు రాని దేహము ప్రభుత్వపు లెక్కలో అనాథశవమగును. అనాథప్రేత సంస్కారము మహాయజ్ఞముతో సమానమని మన పెద్దలు చెప్పుదురు. చాళ్ళలో పొరుగువాడే బంధువై పాడె మోసిన సంప్రదాయము తెలుగువారిదే. ఆ భుజము కులము, వృత్తి అడుగక ఈ స్త్రీలకును లభించినపుడే, పల్లెనుండి తెచ్చుకొన్న ఆచారము పరదేశమున సార్థకముగ నిలిచినదని చెప్పదగును.