శ్రీకాకుళపు సర్కారులో రెండు కుంఫిణీల రాయబారములు

పొందూరు పేరు చెప్పగానే తెలుగువారికి సన్ననూలు జ్ఞప్తికి వచ్చును. పత్తిని వాలుగచేప దవడయెముకతో దువ్వి, ఏకి, రాట్నముపై వడికి నేసిన అచ్చటి ఖద్దరు దేశమంతట ప్రసిద్ధము. ఆ గ్రామమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున, నాగావళి యొడ్డున శ్రీకాకుళమున్నది. ఇంగ్లీషువారి నోట ఆ పేరు ‘చికాకోల్’ అయినది. ఆ పేరుతోనే ఈ ప్రాంతపు సన్నబట్ట, చికాకోల్ మస్లిను అని, విదేశములలో ఖ్యాతి గాంచెను. నేడు శ్రీకాకుళము జిల్లాకు ముఖ్యపట్టణము. పదునెనిమిదవ శతాబ్దిలో అది ఒక సర్కారునకు రాజధాని. ఫౌజుదారు కొలువుండిన తావు. 1641లో షేర్ మహమ్మదుఖాను కట్టించిన మసీదు ఆ కాలమునకు నేటికిని సాక్షిగా నిలిచియున్నది.

ఈ సీమలో జరిగిన యుద్ధములను మన ప్రజలు మరువలేదు. బొబ్బిలికథ విననివారు అరుదు. కాని ఆ యుద్ధములకు ముందును వెనుకను నడచిన రాయబారములను గూర్చి చెప్పుకొనువారు తక్కువ. సముద్రముల కావలనున్న ఫ్రాన్సు, ఇంగ్లండు దేశముల ప్రతినిధులు ఈ నేలపై ఎవరెవరితో మంతనము లాడిరి? ఏ కాగితముపై ఎవరు ముద్ర వేసిరి? ఈ సీమ చేతులు మారిన తీరు తెలియవలెనన్న, కత్తులతోపాటు ఆ కాగితములను కూడ చూడవలెను.

తానుల వెంట వచ్చినవారు

ఐరోపావారిని ఈ తీరమునకు రప్పించినది బట్ట. పదునేడవ శతాబ్దిలో వలందులు భీమునిపట్నమునను, ఇంగ్లీషువారు విశాఖపట్నమునను, పరాసులు బందరునను కోఠీలు కట్టుకొనిరి. పరాసులు అటుపిమ్మట యానామునకును వచ్చిరి. వీరెవ్వరును రాజుల రాయబారులు కారు. వర్తక సంఘముల జీతగాండ్రు. కాని సుంకము తగ్గవలెనన్నను, నేతగాండ్రకు బయానా ఇచ్చుకొనవలెనన్నను, కోఠీ చుట్టు గోడ పెట్టుకొనవలెనన్నను ఫౌజుదారు అనుమతి కావలెను. అనుమతికి నజరానా కావలెను. నజరానాతో వెళ్ళుటకు ఒక మనిషి కావలెను. ఆ మనిషియే వకీలు.

నేడు వకీలనగా న్యాయస్థానమున వాదించువాడు. ఆనాటి వకీలు ఒక ప్రభువు పక్షమున మరియొక ప్రభువు కొలువులో నివసించి, అచ్చటి వార్తలను వ్రాసి పంపుచు, సమయము చూచి తనవాని మాట విన్నవించువాడు. దొర మాటను పారసీకమునకును, తెలుగునకును మార్చుటకు దుబాసి వేరుగ నుండెను. దుబాసి అనగా రెండు భాషల వాడని అర్థము. దొర పలికిన మాట రాజు చెవికి చేరునప్పటికి ఆ రెండు భాషలవాని నాలుక మీదుగా పోవలసినదే. ఒక్క మాట అటునిటు అయినచో లక్ష రూపాయల తేడా వచ్చెడిది.

ఐరోపాలో రాజు రాయబారి రాజునొద్దనే ఉండును. యుద్ధము వచ్చినచో స్వదేశమునకు మరలును. ఇచ్చటి ధర్మము వేరు. 1748 నుండి 1756 వరకు ఫ్రాన్సు, ఇంగ్లండు రాజుల మధ్య శాంతి నెలకొనియుండెను. ఆ యెనిమిదేండ్లలోనే వారి కుంఫిణీలు దక్షిణదేశమున ఒక్కొక్క నవాబు పక్షము వహించి పోరాడుచుండెను. పేరునకు అవి నవాబుల యుద్ధములు.

సద్రాసు సభ

1753 చివర సేనాని బుస్సీ హైదరాబాదు సుబేదారు సలాబతుజంగు నుండి ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను తన సైన్యపు ఖర్చులకై వ్రాయించుకొనెను. కొద్దివారములకే, 1754 జనవరిలో, చెన్నపట్నమునకు దక్షిణముననున్న వలందుల సద్రాసులో రెండు కుంఫిణీల ప్రతినిధులు సంధికై సమావేశమైరి. ఒకరి సనదులను ఒకరు చూపుమనిరి. చూపినవానిని నమ్మమనిరి. సభ విఫలమైనది. ఆ యేడే పుదుచ్చేరికి వచ్చిన గొడెహూ డూప్లేను తొలగించి ఇంగ్లీషువారితో తాత్కాలికపు టొడంబడిక చేసికొనెను. అది ఐరోపాలో స్థిరపడకముందే 1756లో యుద్ధము వచ్చిపడెను.

ఆ చర్చలలో తెలుగు సర్కారులు పంపకమునకు వచ్చిన ఆస్తి. చర్చకు కూర్చున్నవారు మాత్రము రెండు కుంఫిణీల ఉద్యోగులే.

సనదు వ్రాయించుకొనుట వేరు, సీమను వశపరచుకొనుట వేరు. శ్రీకాకుళ, రాజమహేంద్రవరముల నవాబు జాఫరలీఖాను సర్కారుల నప్పగింప నిరాకరించి, విజయనగర ప్రభువు విజయరామరాజును తోడు తెచ్చుకొనెను. అప్పుడు బందరులోని పరాసు అధికారి మొరాసిన్ రాజుతో రాయబారము నడపెను. సర్కారులను తక్కువ గుత్తకు ఇత్తునని ఆశచూపి అతనిని తనవైపు త్రిప్పుకొనెను. ఒంటరియైన జాఫరలీ నాగపురపు మరాటీలను పిలిచెను. వారు వచ్చి ఈ సీమను దోచుకొనిపోయిరి. గుత్త ఎవరికి దక్కినను, నష్టపోయినది రైతులు, నేతగాండ్రు.

1757 జనవరి 24న బొబ్బిలికోట కూలెను. మూడు దినములలో విజయరామరాజు తాండ్ర పాపారాయుని చేత హతుడయ్యెను. జూను 25న బుస్సీ విశాఖపట్నపు కోఠీని పట్టుకొనెను. అంతకు రెండు దినముల ముందే వంగదేశమున ప్లాసీలో క్లైవు గెలిచియుండెను. ఆ సంగతి అప్పటికి విశాఖపట్నమున ఎవరికిని తెలియదు.

ఆనందరాజు పిలుపు

విజయరామరాజు తరువాత గద్దెనెక్కిన ఆనందగజపతిరాజునకు బుస్సీ చేసిన ఏర్పాటులు నచ్చలేదు. 1758లో లాలీ ఆజ్ఞపై బుస్సీ దక్షిణమునకు వెళ్ళగా, కాన్‌ఫ్లాన్ అనునాతడు సేనాధిపత్యము వహించెను. ఇదే అదనని రాజు సెప్టెంబరులో విశాఖపట్నమును పట్టుకొని, పరాసు అధికారిని బందీచేసి, కోఠీపై ఇంగ్లీషు జెండా ఎత్తించెను. సహాయము పంపుడని చెన్నపట్నమునకు వ్రాసెను. లాలీ దండయాత్రకు వెరచియున్న చెన్నపట్నము వారికి పంపుటకు సైన్యము లేదు. రాజు కలకత్తాకు వ్రాసెను.

క్లైవు ఆ లేఖ విలువను గుర్తించెను. తన సభ్యులలో పలువురు వలదన్నను, ముందు జాన్‌స్టన్ అను ఉద్యోగిని మంతనములకై విశాఖపట్నమునకు పంపి, వెనుక కర్నలు ఫోర్డును 500 మంది ఐరోపావారితో, 2,000 మంది సిపాయిలతో ఓడలెక్కించెను. అక్టోబరు 20న ఫోర్డు దిగెను. రాజును కలిసికొనినంతనే తగవు మొదలైనది. సైన్యపు ఖర్చు ఇమ్మని ఫోర్డు. ఇప్పుడే చేతిలో లేదని రాజు. తుదకు ఆండ్రూసు అను కుంఫిణీ ఉద్యోగి మధ్యవర్తియై నవంబరులో ఒడంబడిక కుదిర్చెను.

ఆ షరతులివి: కొల్లసొమ్ము చెరిసగము. జయించిన దేశము రాజునది. దాని శిస్తు అతడే వసూలు చేసికొనును. రేవుపట్టణములు, నదీముఖములందలి ఊళ్ళు, వానికి చేరిన భూములు కుంఫిణీవి. సైన్యమునకు నెలకు 50,000 రూపాయలు, అధికారులకు వేరుగ 6,000 రూపాయలు రాజు ఈయవలెను. ఉభయుల సమ్మతి లేక ఎవరి భూమిని గూర్చియు ఇతరులతో సంధి చేసికొనరాదు.

చూచుటకు ఇది సమానుల ఒడంబడిక. లోతట్టు విశాలభూమి రాజునకు, సముద్రపుటంచు వర్తకునకు. కాని సీమలోని బట్ట బయటికి పోవుటకును, పరదేశపు సైన్యము లోపలికి వచ్చుటకును రేవులే వాకిళ్ళు. ఇల్లు రాజునకు దక్కెను. తాళపుచెవి కుంఫిణీ పుచ్చుకొనెను.

డిసెంబరు 7న పిఠాపురమునకు సమీపమునగల చందుర్తివద్ద ఫోర్డు కాన్‌ఫ్లానును ఓడించెను. గెలిచిన వెంటనే మరల సొమ్ము తగవు. సైన్యము రాజమహేంద్రవరమున వారములకొలది నిలిచిపోయెను. ఆండ్రూసు మరల నడుమ పడి, రాజు ఇచ్చునదంతయు అప్పుగా లెక్కించుటకును, రాజు పిత్రార్జితము గాక క్రొత్తగా లోబడిన భూముల శిస్తు చెరిసగము పంచుకొనుటకును ఒప్పించెను. మొదటి ఒడంబడిక రెండునెలలైన నిలువలేదు.

1759 మే 14

1759 ఏప్రిలు 7 రాత్రి ఫోర్డు బందరుకోటపై పడి దానిని పట్టుకొనెను. పరాసులకు సాయముగా వచ్చి సమీపమున దిగియున్న సలాబతుజంగు, కోట పడిన పిమ్మట జయించినవారితో మంతనములకు దిగెను. మే 14న సంధి జరిగినది. బందరు, నిజాంపట్నము, వాని చుట్టుపట్టు భూములు కుంఫిణీకి ఇనాములైనవి. పరాసుసేనను కృష్ణ కావలికి వెడలగొట్టుటకును, మరల కొలువున నుంచుకొనకుండుటకును సుబేదారు మాట ఇచ్చెను.

ఆ సంధిలో ఒక షరతు ఆనందరాజును గూర్చినది. పరాసుల సర్కారులలో అతడు వసూలు చేసినదానికిగాని, ఆ యేటి తన సొంత శిస్తునకుగాని లెక్క అడుగబోమని మొదట కొంత ఊరట. తరువాతి మాట వేరు: ఇకమీదట తండ్రితాతల కాలమున చెల్లించినట్లే సుబేదారునకు పేష్కషు చెల్లింపవలెను. అట్లు చెల్లింపనిచో సుబేదారు తన యిష్టము వచ్చినట్లు చేసికొనవచ్చును.

ఇంగ్లీషు జెండాను తానే ఎత్తించి, ఇంగ్లీషు సైన్యమును తానే పిలిపించి, దాని ఖర్చు తానే భరించిన ప్రభువు ఆ కాగితములో పక్షము కాడు, ఒక షరతు. ఫోర్డు అతనికి ఏ మేలును చేయలేదనుట న్యాయము కాదు. ఒక యేటి శిస్తు మాఫీ చిన్నది కాదు. కాని సుబేదారునెదుట రాజు పక్షమున మాటలాడినవాడు రాజు వకీలు కాడు, కుంఫిణీ కర్నలు. పరుని నోట తన మాట చెప్పించుకొన్నవానికి పరుడు మిగిల్చినదే దక్కును. ఆనందరాజు అటుపిమ్మట ఎక్కువకాలము బ్రతుకలేదు.

పారిసులో ఒక పేరు

1763 ఫిబ్రవరి 10న పారిసులో ఫ్రాన్సు, ఇంగ్లండు రాయబారులు సంధిపత్రముపై చేవ్రాళ్ళు చేసిరి. దాని పదునొకండవ షరతులో సలాబతుజంగు దక్కనుకు న్యాయమైన సుబేదారని రెండు దేశములును అంగీకరించెను. అప్పటికే అతనిని తమ్ముడు నిజామాలీఖాను గద్దె దింపి బీదరుకోటలో బంధించియుండెను. ఇద్దరు రాజుల రాయబారులు ఏకగ్రీవముగ గుర్తించిన ప్రభువు ఆ యేడే చెరలో మరణించెను. తాము పంచుకొనుచున్న దేశమును గూర్చి పారిసునకు తెలిసినది అంత మాత్రము.

ఇచ్చట మసలినవారు అట్లు పొరబడలేదు. 1765 ఆగస్టు 12న క్లైవు పాదుషా షా ఆలము నుండి సర్కారులకు ఫర్మానా పొందెను. సర్కారులు తనవని నిజామాలీ కోపగించెను. ఫర్మానా మాత్రమే చాలదని కుంఫిణీకిని తెలియును. జనరలు కాలియాడ్ నిజాముతో జరిపిన మంతనములలో పనికివచ్చినవాడు తెలుగువాడైన కాండ్రేగుల జోగిపంతులు. పారసీకపు కొలువు మర్యాదయు, దొరల అవసరమును, జమీందారుల బలాబలములును ఎరిగిన దుబాసి ఆయన. 1766 నవంబరు 12న హైదరాబాదులో సంధి కుదిరినది. సర్కారులకై కుంఫిణీ నిజామునకు సాలీనా 9 లక్షల రూపాయలు ఈయవలెను. అందు శ్రీకాకుళపు సర్కారు వంతు 2 లక్షలు. గుంటూరు మాత్రము బసాలతుజంగు జీవితకాలము ఆయన క్రింద ఉండవలెను.

ఆ గుంటూరు చిక్కే మరియొక వ్యవస్థకు దారితీసినది. 1779లో హాలండ్ అను ఉద్యోగి హైదరాబాదులో మొదటి రెసిడెంటుగ నియుక్తుడయ్యెను. వకీలు వచ్చి పోవువాడు. రెసిడెంటు వచ్చి నిలిచినవాడు. 1798లో నిజాము కొలువులోని పరాసుదళమును నిరాయుధము చేసిరి. 1800 సంధితో కుంఫిణీ సమ్మతి లేక ఇతర ప్రభుత్వములతో ఉత్తరప్రత్యుత్తరములు జరుపు హక్కునే నిజాము వదలుకొనెను. ఒక్క రాయబారి తప్ప వేరు రాయబారి లేని కొలువున రాయబారమను మాటకు అర్థము లేదు, మిగిలినది ఆజ్ఞ.

ఆ ఆజ్ఞ విజయనగరమునకు ముందే వచ్చినది. పేష్కషు బాకీలకై కుంఫిణీ జమీందారీని స్వాధీనపరచుకొని, ఆనందరాజు గద్దెకు దత్తుడై వచ్చిన చిన విజయరామరాజును రాజ్యము విడిచి పొమ్మనెను. ఆయన పోలేదు. 1794 జులై 10న పద్మనాభమువద్ద కుంఫిణీ సైన్యముతో పోరాడి ప్రాణము విడిచెను. విశాఖపట్నమున ఇంగ్లీషు జెండా ఎత్తించిన నాటికిని దీనికిని నడుమ 36 ఏండ్లు. 1758లో నెలకు 50,000 చెల్లింపుమని అడిగినది మిత్రుడు. 1794లో బాకీ చెల్లింపుమని అడిగినది ప్రభువు. అడిగిన కుంఫిణీ ఒక్కటే.

1823లో కుంఫిణీ నిజామునకు 11,66,666 రూపాయలు ఒక్కసారిగా చెల్లించి సర్కారుల పేష్కషును శాశ్వతముగ తీర్చివేసెను. ఫర్మానాలు, సనదులు, సంధులు పేర్చుకొని వచ్చిన కథ రశీదుతో ముగిసినది.

ఇంతకు ఆ దొరలు తొలుత వచ్చినది బట్టకొరకు. వారి రాజ్యము స్థిరపడిన తరువాత మరనూలు వచ్చి ఈ సీమ సన్నబట్ట వర్తకమును అణచివేసెను. అయినను పొందూరు ఆడువారు వడుకుట మానలేదు. గాంధీమహాత్ముని ఖద్దరు ఉద్యమకాలమున దేశము మరల వారివైపు చూచినపుడు వాలుగ దవడయు, రాట్నమును అచ్చటనే ఉన్నవి. వారి పక్షమున ఏ కొలువులోను వకీలు నిలువలేదు. ఏ ఒడంబడికలోను వారి పేరు లేదు.