రేడియో బండికి తగిన షాకు నూనెయు, స్వల్పవ్యయమున భాగముల నెన్నుకొను విధమును

కడచిన వేసవి సెలవులకు ముందొక సాయంకాలమున మా తరగతి విద్యార్థి యొకడు తన రేడియో బండిని చంకనిడుకొని నా యొద్దకు వచ్చెను. "మాష్టరుగారూ, ఇది చిన్న గతుకుమీద పడినను కప్పవలె గంతులు వేయుచున్నది. అల్యూమినియము షాకులు కొననిదే బాగుపడదని నా స్నేహితులు చెప్పుచున్నారు. మా నాయనగారి నడుగుటకు నాకు నోరు రాకున్నది" అనెను. వాని తండ్రిగారు కుట్టుపనిచే సంసారము నడుపువారు. బాలుని సంకోచమునకు కారణము నాకు వెంటనే బోధపడినది.

షాకుల మూతలు విప్పి చూచితిమి. వెనుక రెండింటియందును నూనె దాదాపు లేదు. అడుగున నుండు రబ్బరు వలయములు అరిగినందున నూనె యంతయు కారిపోయినది. వలయములు మార్చి, నాయొద్ద నున్న యొక సీసాలోని నూనె పోసి, "ఇక చూడు" అని ధైర్యము చెప్పితిని. మరునాడు బండి మునుపటికంటె నెక్కువగా గంతులు వేసి, తలక్రిందులై, ముందరి క్రింది చేయి యొకటి విరిగెను. నేను పోసినది షాకు నూనె గాదు. డిఫరెన్షియలులో పోయు మిక్కిలి చిక్కని నూనె. రెండును సిలికోను నూనెలే. రెండును నీటివలె తేటగానే కనబడును. సీసామీది సంఖ్యను చదువక పోసితిని. విరిగిన భాగమును నేనే కొని యిచ్చితిని. నా యజ్ఞానము మరియొకరికి నష్టము కలిగింపకుండుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాను.

షాకు చేయు పని యెట్టిది? చక్రము గతుకుమీది కెక్కినపుడు స్ప్రింగు నొక్కుకొని యా తాకిడిని తనలో దాచుకొనును. దాచుకొనిన శక్తిని మరల విడుచును. అడ్డుపడునది లేనిచో బండి పైకి క్రిందికి నూగుచునే యుండును. ఆ యూపు నణచుటకు సన్నని గొట్టములో నూనె నింపి, చిన్న రంధ్రములు గల పిస్టను నందమర్తురు. చక్రము కదలినపుడెల్ల నూనె యా రంధ్రములగుండ దూరిపోవలసి వచ్చును. ఆ నిరోధముచే చలనశక్తి వేడిగా మారి బండి కుదుటపడును. స్ప్రింగు బరువును మోయును. నూనె యూపు నణచును. నూనె మిక్కిలి చిక్కనైనచో రంధ్రములగుండ తగినంత వేగముగా పోజాలదు. అపుడు షాకు కర్రవలె బిగిసి, ప్రతి గతుకును బండి శరీరమునకే యందించును. మా బండి తలక్రిందు లగుటకు కారణ మిదియే.

నూనె చిక్కదనమునకు శాస్త్రమున స్నిగ్ధత యని పేరు. షాకు నూనెల విషయమున దీనిని సెంటీస్టోకులలో కొలుతురు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున గణితాచార్యుడుగా నుండిన జార్జి గాబ్రియేల్ స్టోక్స్ (1819–1903) పేర నీ మానము వెలసినది. 20 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి గల నీటి స్నిగ్ధత సుమారు 1 సెంటీస్టోకు. అసలు కారులో పదియవ వంతు కొలత గల బండ్ల షాకులకు తరచుగా 300 మొదలు 500 వరకు గల నూనెలు వాడుదురు. డిఫరెన్షియలు నూనెల సంఖ్యలు వేలలో నుండును. కొన్ని సీసాలమీద 30, 40 అను "వెయిట్" సంఖ్యలు మాత్రమే యుండును. ఒక తయారీదారుని 30 మరియొకని 30కి సరిగా సమానము కాదు. కావున సెంటీస్టోకుల సంఖ్య ముద్రించిన సీసానే కొనుట మేలు.

ఇంటనున్న ఆముదమో యింజను నూనెయో పోసిన చాలదా యని కొందరడుగుదురు. చాలదు. ఆ నూనెలు వేడెక్కినకొలది శీఘ్రముగా పలుచబడును. పెట్రోలియము నూనెలు కొన్ని రకముల రబ్బరు వలయములను ఉబ్బజేసి చెరుచును. సిలికోను నూనె స్నిగ్ధత వేడిమికి చాల తక్కువగా మారును; మారకపోదు. కనుకనే వేసవిలో 40 డిగ్రీలు దాటు మన యూళ్లలో శీతకాలమునకంటె నొక మెట్టు చిక్కని నూనె వాడవచ్చును.

ఎన్నికకు క్రమ మిది. మొదట బండితో వచ్చిన పుస్తకములో చెప్పిన సంఖ్యతో ప్రారంభింపవలెను. గతుకుల మట్టినేలపై చక్రము నేలను విడువకుండ నుండుటకు పలుచని నూనెయు, నున్నని తారురోడ్డుపై నొరుగుట తగ్గుటకు కొంచెము చిక్కని నూనెయు తగును. ఎత్తునుండి దుముకు బండికి కూడ కొంత చిక్కదనము కావలెను. ఒకేసారి 50 లేక 100 సెంటీస్టోకులకు మించి మార్చరాదు. కుడియెడమల నూనె యొకటిగానే యుండవలెను. పిమ్మట బండిని జానెడెత్తునుండి సమముగా నేలపై విడిచి చూడుడు. ఒక్కసారి క్రుంగి నిలిచిన యెడల నూనె సరియైనది. రెండు మూడు మార్లూగిన పలుచన. క్రుంగక యెగిరిపడిన చిక్కన.

రెండు సీసాలున్నచో మూడవది కొనకయే మధ్యరకమును కలుపుకొనవచ్చును. 300, 500 నూనెలను సమభాగములుగా కలిపిన 400 వచ్చునని తోచును గాని, సుమారు 390 మాత్రమే వచ్చును. స్నిగ్ధతలు కూడిక సగటున గాక, దాదాపుగా గుణకార సగటున కలియును. ఆ రెండు సంఖ్యల లబ్ధమునకు వర్గమూలము కట్టిన, గణితము చదువు విద్యార్థులకు కారణము తెలియగలదు. ఒక షాకునకు పట్టునది కొలది మిల్లీలీటర్లే గనుక నలుగురు మిత్రులు కలిసి రెండు సీసాలు కొనిన చిరకాలము వచ్చును. నూనె పోసిన పిమ్మట పిస్టనును మెల్లగా కదలించి, గాలి బుడగలు పైకి వచ్చువరకు పది నిమిషములు నిలిపి, అటుపిమ్మట మూత బిగింపవలెను.

ఇక భాగముల మాట. జపాను దేశపు తామియా సంస్థ 1976లో పోర్షె 934 నమూనాతో రేడియో బండ్ల నమ్ముట ప్రారంభించెను. ఆ సంస్థవారే 2013లో వెలువరించిన టీటీ-02 అను తక్కువ వెల బండి మంచి యుదాహరణము. దాని పెట్టెలు పెక్కింటిలో నూనెలేని షాకులును, ఇరుసులకు ప్లాస్టికు బుషింగులును వచ్చును. దీనికి మొట్టమొదట కొనవలసినవి బాల్ బేరింగులు. వెలుపలి వ్యాసము 11, లోపలి వ్యాసము 5, మందము 4 మిల్లీమీటర్లు గల బేరింగును ఏ పేరిట కొనినను సరిపోవును. పిమ్మట ప్లాస్టికు నూనె షాకులు. అల్యూమినియము షాకులు చూడ సొంపుగా నుండును. అయినను లోపలి నూనెయు పిస్టనును సరియైనవి గానిచో వాటి మెరుపు బండిని నిలుపజాలదు. చక్రపు చేతులకు ప్లాస్టికే మేలు. అది వంగి మరల నిలుచును, లేదా తాను విరిగి తక్కినదానిని కాపాడును. లోహపు చేయి వంగినచో వంగియే యుండును. కొన్నిమార్లు తాకిడిని మరింత వెలగల భాగమునకు పంపును.

ఆ బాలుని బండికి తుదకు 350 సెంటీస్టోకుల నూనె సరిపోయినది. వానికైన వ్యయము రబ్బరు వలయములకును, నలుగురితో పంచుకొనిన సీసాలో తన వంతునకును మాత్రమే. ఇపుడు వాడు సీసా చేత బట్టినంతనే మొదట దానిమీది సంఖ్యను పైకి చదువును. పిదప నావైపు చూచి నవ్వును. ప్రియ విద్యార్థులారా, ఏ భాగము కొనుటకు పెద్దల నడుగబోవుచున్నను ముందుగా నున్నదానిని విప్పి చూడుడు. తల్లిదండ్రులారా, విప్పి చూచి, లోపమిది యని నిదానముగా చెప్పి యడిగిన బాలుని మాట నాలకింపుడని నా మనవి.