మీకు తెలుసా? సైకిల్ తొక్కే కాళ్లకు నేల మీది కసరత్తూ కావాలి!

● నిమిషానికి 80 సార్లు చొప్పున గంటసేపు పెడల్ తిప్పితే ఒక్కో మోకాలు 4,800 సార్లు ముడుచుకుని చాచుకుంటుంది. సీటు మరీ కిందికుంటే ప్రతిసారీ మోకాలిచిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది.

● సైక్లింగ్ గుండెకు మంచిది. కానీ ఒంటి బరువులో ఎక్కువ భాగం సీటే మోస్తుంది కాబట్టి ఎముకలు గట్టిపడాలంటే అదొక్కటే చాలదు. గుంజీలు తీయాలి, బరువులెత్తాలి.

● ఫిట్‌నెస్ స్టూడియోల్లో నేర్పే పిలాటిస్ కసరత్తులు జర్మనీలో పుట్టిన జోసెఫ్ పిలాటిస్ రూపొందించినవి. వాటితో నడుము, పొట్ట కండరాలు బలపడితే వంగి తొక్కేటప్పుడు వెన్ను త్వరగా అలసిపోదు.

● గాయం మానాక స్టూడియోలోని కదలని సైకిల్ మంచి తొలిమెట్టు. గుంతలుండవు, పడతామన్న భయం ఉండదు. భారాన్ని కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు.

● ఒక కాలు కోల్పోయిన నంద్యాల వాసి షేక్ అర్షద్ 2024 పారిస్ పారాలింపిక్స్ సైక్లింగ్‌లో భారత్ తరఫున పోటీపడ్డారు.

● జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో మీ ఇంటి దగ్గర స్టూడియో లేకపోయినా చాప చాలు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించి నడుము పైకెత్తండి. పది లెక్కపెట్టి మెల్లగా దించండి. నొప్పి, వాపు ఉంటే మాత్రం ముందు డాక్టర్‌కు చూపించుకోండి.